అమ్మా... ఒక్క పది సెకన్లు ఒంటికాలి మీద!

రెజైనాలో అక్టోబర్ దాటిందంటే మన తెలుగు ఇళ్లలో ఒకటే తీరు. కొడుకూ కోడలూ డ్యూటీలకు, పిల్లలు స్కూలుకు వెళ్లిపోతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు హాల్లో సోఫా మీద మిగిలిపోతారు. టీవీలో సీరియల్, చేతిలో సెల్‌ఫోన్, కిటికీ అవతల మోకాలి లోతు మంచు. డిసెంబర్‌లో ఇక్కడ తెల్లారేసరికి తొమ్మిదవుతుంది, సాయంత్రం ఐదింటికల్లా చీకటి. జనవరిలో సగటు చలే మైనస్ 15 దాకా ఉంటుంది. 1885 జనవరి 1న అయితే మైనస్ 50 నమోదైంది. ఇలాంటి చోట పెద్దవాళ్లని బయటికెళ్లి నడవమని ఎవరు మాత్రం చెబుతారు?

ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున్నే చెరువుగట్టు దాకా నడిచొచ్చిన నాన్న, ఇక్కడ ఓ చలికాలం గడిచేసరికి సోఫా చేతిని పట్టుకుని, రెండుసార్లు ఊగి, మూడోసారికి లేస్తున్నాడు. అమ్మ బేస్‌మెంట్ మెట్లు దిగాలంటే రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుంటోంది. ‘వయసైపోయిందిరా’ అంటారు వాళ్లు. మనమూ నిజమేననుకుంటాం. కానీ అందులో వయసు వాటా కొంతే. మిగతాది కూర్చోబెట్టడం వల్ల వచ్చింది. కూర్చోవడం వల్ల పోయినదాన్ని చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇది ఎందుకు పట్టించుకోవాలంటే, మన పెద్దవాళ్లలో చాలామంది ఇక్కడికి సూపర్ వీసా మీదే వస్తున్నారు. 2011 డిసెంబర్‌లో మొదలైన ఈ వీసాతో 2022 జులై 4 తర్వాత ఒక్కసారి వస్తే అయిదేళ్ల దాకా ఉండొచ్చు. అంటే ఒకటి కాదు, అయిదు చలికాలాలు. వీళ్లకి సస్కాచువాన్ ప్రభుత్వ హెల్త్ కార్డు రాదు. కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు ఇన్సూరెన్సు మనమే కొనాలి. ఆ పాలసీ కాగితాల్లో పాత జబ్బుల గురించిన నిబంధన ఎంతమంది పూర్తిగా చదివి ఉంటారో మేం చెప్పలేం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ దాకా వెళితే బిల్లు ఒక ఎత్తు, ఆ తర్వాత మనిషి మళ్లీ తన కాళ్ల మీద తాను బాత్‌రూముకు వెళ్లగలగడం మరో ఎత్తు. తుంటి ఎముక విరగడాల్లో నూటికి 95 దాకా పడటం వల్లే జరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా 6 లక్షల 84 వేల మంది పడటం వల్లే చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లే.

నిలబడటం వెనక ఇంత ఉందా?

మనిషి నిటారుగా నిలబడటానికి ముగ్గురు కాపలాదారులు కావాలి. ఒకటి కళ్లు. రెండు లోచెవిలో ఉండే తూకపు యంత్రం. మూడు అరికాళ్లు, కీళ్లు, కండరాల నుంచి మెదడుకు వెళ్లే కబురు. నేల ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయో, ఒళ్లు ఎటు వంగిందో మెదడు ఈ ముగ్గురినీ అడిగి తెలుసుకుంటుంది. తర్వాత కాలి కండరాలకు క్షణంలో ఆర్డరు వేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ముగ్గురూ మందగిస్తారు. ఆర్డరు వచ్చినా కదలాల్సిన తొడ కండ, పిక్క కండ సన్నబడిపోతాయి.

మనవాళ్లకి ఇంకో చిక్కు షుగర్. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ‘దూది మీద నడుస్తున్నట్టుంది’ అని అమ్మ అంటే అది కబుర్లలో కొట్టిపారేసే మాట కాదు. మూడో కాపలాదారు నిద్రపోయాడన్నమాట. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి పడుకుని లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నిద్రమాత్రలు రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు తూలిస్తాయి. కళ్లలో శుక్లాలు ఉంటే మెట్టు అంచు తెలియదు. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉన్న కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగితే కింది మెట్టు మసకమసకగా కనిపిస్తుంది. కాబట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు మందుల చీటీ, కళ్లజోడు, కాళ్లు... ఈ మూడూ డాక్టరుకు చూపించి తీరాలి. శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి ఉంటే ఇండియాలోనే చేయించుకుని రావడం మేలు.

రెజైనా యూనివర్సిటీ పట్టుకున్న సంగతి

మనం రోజూ పక్కనుంచి వెళ్లే వస్కానా చెరువు ఒడ్డునే రెజైనా యూనివర్సిటీ ఉంది. అక్కడి సైకాలజీ ప్రొఫెసర్ థామస్ హాజిస్టావ్రోపౌలోస్ వృద్ధుల నొప్పుల మీద, పడతామన్న భయం మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. 2011లో ఆయన మరో ఇద్దరితో కలిసి రాసిన ఓ వ్యాసం మనకి చాలా పనికొస్తుంది.

అంతకుముందు డాక్టర్లు ఎక్కువగా చెప్పే లెక్క ఇదీ: పడతామేమోనని భయపడే పెద్దవాళ్లు కదలడం మానేస్తారు, కదలకపోతే కాళ్లు బలహీనపడతాయి, బలహీనపడితే పడతారు. ఇది నిజమే గానీ కథ అంతటితో అయిపోలేదన్నారు వీళ్లు. భయం తనంతట తానే నేరుగా నడకను చెడగొడుతుందన్నది వాళ్ల వాదన. భయపడ్డ మనిషి ఒళ్లు బిగపడుతుంది. మామూలుగా ఆలోచించకుండా పడే అడుగు మీద అనవసరంగా ధ్యాస పెడుతుంది. దాంతో అడుగు తడబడుతుంది. సైకిలు నేర్చుకునే రోజుల్లో ఎదురుగా గుంత చూసి, దానివైపే చూస్తూ సరిగ్గా అందులోకే తొక్కిన సంగతి గుర్తు చేసుకోండి!

ఈ భయాన్ని కొలవడానికి కెనడాలోనే ఓ కొలబద్ద తయారైంది. 1995లో వాటర్లూ యూనివర్సిటీకి చెందిన పవెల్, మయర్స్ 16 ప్రశ్నలతో దాన్ని రూపొందించారు. ఇంట్లో అటూ ఇటూ తిరగడం దగ్గర మొదలై, అలమారా పైఅర అందుకోవడం, జనంలో నడవడం... ఒక్కో పనికి ‘తూలకుండా చేయగలనని మీకు ఎంత శాతం ధైర్యం ఉంది?’ అని అడుగుతారు. చిట్టచివరి ప్రశ్న ఏమిటో తెలుసా? మంచుగడ్డ కట్టిన ఫుట్‌పాత్ మీద నడవడం. రెజైనాలో ఉన్నవాళ్లకి అది రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

ఇక్కడ మా మాట ఒకటి. ‘అమ్మా, పడతావు జాగ్రత్త’, ‘నాన్నా, నువ్వు కూర్చో, మేం తెస్తాం’ అని రోజుకి పదిసార్లు అంటున్నది మనమే. ప్రేమతోనే అంటున్నాం. కానీ ఆ మాటే వాళ్ల కాళ్లకి సంకెల అవుతోంది. ఊళ్లో తెల్లవారగానే వాకిట్లో వంగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ముగ్గు పెట్టిన మనిషి మా అమ్మ. నేల మీద పీట వేసుకుని కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచేది. బిందె చంకన పెట్టుకుని గడప దాటేది. ఇవన్నీ ఫిజియోథెరపిస్టులు డబ్బులు తీసుకుని నేర్పించే బ్యాలెన్స్ వ్యాయామాలే. కెనడాకి తీసుకొచ్చి గిన్నెలు డిష్‌వాషర్‌కి, ఊడ్చే పని వాక్యూమ్‌కి, కూర్చోవడం సోఫాకి అప్పజెప్పాం.

నడిస్తే చాలదా?

‘మా నాన్న ఊళ్లో రోజూ గంటసేపు వాకింగ్ చేస్తాడండీ, ఆయనకేం’ అనేవాళ్లు మనలో చాలామంది. వాకింగ్ గుండెకి మంచిదే, షుగర్‌కి మంచిదే. కానీ పడకుండా కాపాడటానికి నడక ఒక్కటే చాలదు. 2019లో కేథరిన్ షెరింగ్టన్ బృందం 25 దేశాల్లో జరిగిన 108 పరిశోధనల్ని, 23,407 మంది వివరాల్ని ఒకచోట చేర్చి చూసింది. వ్యాయామం చేసినవాళ్లలో పడటాలు మొత్తం మీద 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్‌కి కండబలం పెంచే వ్యాయామాలు కలిపి చేసినచోట 34 శాతం దాకా తగ్గాయి. ఒట్టి నడకతో తగ్గాయని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం దొరకలేదు. తాయ్ చీ అనే చైనా వ్యాయామానికి మంచి మార్కులే పడ్డాయి. ఒంట్లోని బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి నెమ్మదిగా మార్చడమే దాని కిటుకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా అదే దారిలో ఉంది. 65 దాటినవాళ్లు వారంలో కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, కండబలం రెండూ పెంచే పనులు చేయాలంది. 65 అంటే ఎక్కడో లేదు. గల్ఫ్‌లోనో ఇక్కడో ఇరవయ్యేళ్లు పనిచేసిన మనలో కొందరికి పదేళ్లలో వచ్చేస్తుంది.

వయసు మీరిపోయింది, ఇక కండ ఏం పెరుగుతుంది అంటారా? 1990లో బోస్టన్‌లో మారియా ఫియాటరోన్ అనే డాక్టరు ఓ వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం మొదలుపెట్టించారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో!

ముందు పరీక్ష పెట్టండి

ఇంట్లోనే చేయదగ్గ పరీక్షలు ఉన్నాయి. ఏ పరీక్షకైనా మీరు పక్కనే, చెయ్యి అందేంత దగ్గర్లో నిలబడాలి.

గోడకి ఆనించిన గట్టి కుర్చీలో అమ్మని కూర్చోబెట్టండి. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 కన్నా, మగవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టు. చెయ్యి ఊతం లేకుండా ఒక్కసారీ లేవలేకపోతే సున్నా వేసుకోవాల్సిందే.

రెండోది మాంట్రియల్‌లో పుట్టింది. 1991లో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు దీన్ని వెలువరించారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. మామూలు నడకే, పరుగు కాదు. 12 సెకన్లు, అంతకు మించి పట్టిందా... జాగ్రత్త పడాల్సిన మనిషి అన్నమాట.

మూడోది నిలబడటం. ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకి తగిలేలా, తాడు మీద నడిచేవాడిలా పాదాలు వరసలో పెట్టి పది సెకన్లు నిలబడాలి. అది వస్తే ఒంటికాలి మీద. 2022లో బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 75 ఏళ్లలోపు 1,702 మందిని ఇలా ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు. అయిదుగురిలో ఒకరు పది సెకన్లు నిలబడలేకపోయారు. నిలబడలేనివాళ్లలో తర్వాతి ఏళ్లలో చనిపోయే ముప్పు 84 శాతం ఎక్కువగా కనిపించింది. కంగారు పడకండి, ఒంటికాలి మీద నిలబడలేకపోవడమే చావుకి కారణమని దానర్థం కాదు. లోపల ఉన్న బలహీనతకి అది గుర్తు, అంతే.

వంటింటి గట్టే జిమ్

న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీలో జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ 1990ల్లో తయారుచేసిన పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నారు. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. మడమకి చిన్న బరువు కట్టుకుని కాళ్లకి బలం పెంచేవి కొన్ని, బ్యాలెన్స్‌వి కొన్ని, వీటికి తోడు వారంలో రెండుసార్లు నడక. 65 నుంచి 97 ఏళ్ల మధ్య ఉన్న వెయ్యిమందికి పైగా చేసి చూస్తే పడటాలు 35 శాతం తగ్గాయి.

ఇందులో ఖరీదైన సామాను ఏమీ లేదు. వంటింటి గట్టు చాలు. గట్టుని రెండు చేతులతో పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ల మీద పదిసార్లు లేవాలి. తర్వాత వేళ్లు పైకెత్తి మడమల మీద. మోకాళ్లు కొంచెం వంచి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు దిగి లేవాలి. గట్టు పొడవునా పక్కకి అడుగులేస్తూ వెళ్లి రావాలి. వెనక్కి నడవాలి. రెండు చెంబులు నేల మీద పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి.

అసలు రహస్యం ఇక్కడుంది. సులువుగా వచ్చేసిన వ్యాయామం బ్యాలెన్స్‌ని పెంచదు. కొంచెం ఊగాలి, కానీ పడకూడదు. మొదట రెండు చేతులు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, చివరికి చెయ్యి గట్టు పైన గాలిలో. అదీ వచ్చాక తల అటూ ఇటూ తిప్పుతూ చేయాలి. తర్వాత నోటితో వందలోంచి మూడు తీసేస్తూ లెక్కపెడుతూ చేయాలి. నడుస్తూ మాట్లాడటంలోనే కదా పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది! మనవరాలిని పక్కన నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ చేయించండి, ఇద్దరికీ లాభం.

‘రోజూ అరగంట ఎక్సర్‌సైజులా, నావల్ల కాదురా’ అంటే ఇంకో దారి ఉంది. సిడ్నీలో లిండీ క్లెమ్సన్ అనే ప్రొఫెసర్ 70 దాటిన 317 మందితో చేసిన ప్రయోగం 2012లో వెలువడింది. వ్యాయామానికి వేరే టైము పెట్టకుండా ఇంటిపనుల్లోనే కలిపేశారు. పళ్లు తోముకునేటప్పుడు ఒక కాలి మీద, కూరగాయలు తరిగేటప్పుడు పాదాలు ముందూ వెనకా పెట్టి, కింద పడ్డ చెంచా తీయాలంటే నడుం కాకుండా మోకాళ్లు వంచి... ఇలాగన్నమాట. పడటాలు 31 శాతం తగ్గాయి. మన అమ్మలకి ఇదే బాగా కుదురుతుందని మా నమ్మకం. అమ్మ చేతికి మళ్లీ పని ఇవ్వండి. చపాతీలు ఆమెనే చేయనివ్వండి. మడతపెట్టిన బట్టలు ఆమెనే పైగదికి, ఒక్కోసారి కొన్నే, ఒక చెయ్యి రెయిలింగ్‌కి ఉంచి తీసుకెళ్లనివ్వండి.

గుండెలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆపేయాలి. సాక్సులతో నున్నటి నేల మీద చేయకూడదు. ఇప్పటికే రెండుమూడుసార్లు పడినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఫిజియోథెరపిస్టు చూడకుండా మొదలుపెట్టొద్దు.

ఇంట్లో ఒంటరిగా చేయడం విసుగనిపిస్తే, సస్కాచువాన్‌లో ‘ఫరెవర్ ఇన్ మోషన్’ అనే కార్యక్రమం ఉంది. వయసు మళ్లినవాళ్లే శిక్షణ తీసుకుని తోటివాళ్ల చేత వ్యాయామాలు చేయిస్తారు. యూనివర్సిటీలో పెద్దవాళ్లకి క్లాసులేమైనా ఉన్నాయేమో అడిగి చూడండి. ఇంగ్లీషు రాదని వెనకాడక్కర్లేదు. ఎదుటివాళ్లు కాలెత్తితే మనమూ ఎత్తడమే, దానికి భాషెందుకు? మైనస్ 30లో నడక కావాలంటే ఫీల్డ్‌హౌస్ లోపలి ట్రాక్, లేదంటే ఏ మాల్ అయినా సరే.

దుబాయ్ నుంచి, దోహా నుంచి చదువుతున్నవాళ్లకి

మీ అమ్మానాన్నలు మీ దగ్గర లేరు. జగిత్యాలలోనో, కడపలోనో, శ్రీకాకుళంలోనో ఇద్దరే ఉన్నారు. అయినా మీ చేతిలో వీడియో కాల్ ఉంది. ‘తిన్నారా, మందులేసుకున్నారా’ తర్వాత ఇంకో అయిదు నిమిషాలు. ఫోను స్టూలు మీద పెట్టమనండి, కుర్చీ గోడకి ఆనించమనండి, ‘నాన్నా, పదిసార్లు లే’ అని మీరే లెక్కపెట్టండి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడాలి.

డబ్బు పంపి ఇల్లు కట్టించేటప్పుడు మెరిసే టైల్సే వేయిస్తాం. తడి తగిలితే అవి ఇక్కడి మంచుగడ్డకి ఏమీ తీసిపోవు. బాత్‌రూములో గరుకు టైల్సు, కమోడ్ పక్కన గోడకి ఒక స్టీలు పిడి, మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు... హాల్లో షాండిలియర్ కన్నా ముందు వీటికి డబ్బు పంపండి.

మంచు మీద కాలు పెట్టే ముందు

రెజైనాలో మెత్తటి మంచుతో పెద్ద ప్రమాదం లేదు. మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నీళ్లతోనే ప్రమాదం. నల్ల తారు మీద అద్దంలా పరుచుకుని కంటికి కనపడదు. ఇంటి ముందు ఫుట్‌పాత్ మీది మంచును 48 గంటల్లో తీసేయాలని 2022 జనవరి నుంచి ఇక్కడ రూలుంది. అయినా అందరూ తీస్తారనుకుని పెద్దవాళ్లని పంపకండి.

బూట్లు ఇండియాలో కొని తేవద్దు. ఇక్కడ కొన్నవన్నీ పట్టు ఇస్తాయనీ అనుకోవద్దు. టొరంటో రిహాబ్ పరిశోధకులు 2016లో మంచుగడ్డ మీద బూట్లని పరీక్షిస్తే పదింట తొమ్మిది తప్పాయి. వాళ్లు మంచుపువ్వు గుర్తులతో రేటింగ్ ఇస్తున్నారు, అది చూసి కొనండి. నడక పెంగ్విన్‌లా ఉండాలి. పాదాలు కొంచెం బయటికి, అడుగులు చిన్నవి, బరువు ముందు కాలి మీద, చేతులు జేబుల్లో కాకుండా బయట. చూసి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.

పడితే...

అన్నీ చేసినా పడొచ్చు. ముందుగా చెప్పి ఉంచాల్సింది, పడగానే కంగారుగా లేవొద్దని. మనమూ చంకల కింద చేతులు పెట్టి ఒక్కసారిగా లాగొద్దు. ఓ నిమిషం అలాగే ఉండి ఎక్కడ నొప్పో చూసుకోవాలి. నొప్పి పెద్దగా లేకపోతే పక్కకి ఒత్తిగిలి, చేతులూ మోకాళ్ల మీదికొచ్చి, పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికి వెళ్లాలి. కుర్చీ మీద రెండు చేతులూ వేసి, బలమైన కాలి పాదం నేలకి ఆనించి, లేచి, తిరిగి కూర్చోవాలి. ఇది పడ్డాక నేర్చుకునే విద్య కాదు. ఒంట్లో బాగున్న రోజునే కార్పెట్ మీద రెండుమూడుసార్లు చేయించి చూడండి.

తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగిపోయినట్టు కనిపించినా కదిలించొద్దు. దుప్పటి కప్పి 911కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్టు కనిపించినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఏం చేయాలో తేల్చుకోలేకపోతే సస్కాచువాన్‌లో 811కి ఏ వేళలోనైనా చేయొచ్చు. నర్సు మాట్లాడుతుంది, భాష రాకపోతే దుబాసీని కలుపుతారు. ఈ రెండు నెంబర్లూ, ఇన్సూరెన్సు కంపెనీ నెంబరూ, ఇంటి అడ్రసూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వీలైతే సోఫా దగ్గర నేలకి దగ్గరగా ఇంకో కాగితం.